‘పోయారు’ అంటే ఎక్కడికి?

నాకు అయిదేళ్ళప్పుడు మా తాతయ్య చనిపోయారు. ఆ రోజు పొద్దున్నే నన్నూ, మా పెదనాన్న కొడుకునీ పక్కింటికి పంపించేశారు. సాయంత్రం తీసుకొచ్చేసరికి ఇల్లంతా కడిగి ఉంది, ఆయన పడక్కుర్చీ లేదు. తాతయ్యేరి అని అడిగితే ఊరెళ్ళారన్నారు. కానీ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, చేతికర్ర తలుపు వెనకాలే ఉంది. చెప్పుల్లేకుండా ఊరెలా వెళ్ళారు అని నేను అడగడమూ, నానమ్మ భోరున ఏడవడమూ, అత్తయ్య నన్ను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి చేతిలో బిస్కెట్ పాకెట్ పెట్టడమూ ఒక్క నిమిషంలో జరిగిపోయాయి. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. చాలా రోజుల వరకు మాత్రం, ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా చెప్పులేసుకున్నారో లేదో చూసేవాణ్ణి.

ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అయిదేళ్ళవాడికి చావు గురించి ఏ మాటల్లో చెప్పాలో తెలిసిన పెద్దవాళ్ళు అప్పట్లో మా ఇంట్లో లేరు, ఇప్పుడైనా ఎన్ని ఇళ్ళలో ఉన్నారో నాకు అనుమానమే. పిల్లల టీవీ కార్యక్రమాల గురించి రాద్దామని కూర్చుని ఇక్కడ మొదలుపెట్టింది అందుకే. పిల్లలు చూసేవాటిలో చావులూ జబ్బులూ అమ్మానాన్నలు విడిపోవడాలూ ఎందుకండీ, హాయిగా నవ్వుకోనివ్వక అనేవాళ్ళు చాలామంది ఉంటారు. టీవీలో చూపించకపోతే పిల్లలకు ఆ సంగతులు తెలియవని వాళ్ళ నమ్మకం. తెలుస్తాయి. సగం తెలుస్తాయి. మిగతా సగం చెప్పుల జతని చూసి వాళ్ళే అల్లుకుంటారు.

దీనికి తోడు మన భాష చేసే తమాషా ఒకటుంది. ఇంట్లోంచి బయల్దేరే మనిషి ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్ళొస్తాను’ అంటాడు. పొరపాటున ‘వెళ్తా’ అంటే నానమ్మలు ఊరుకోరు, ‘వెళ్ళొస్తాననరా’ అని గుమ్మంలోనే దిద్దుతారు. అంటే మన ఇళ్ళలో పెరిగే పిల్లలకు వెళ్ళడం అనే మాటలోనే తిరిగి రావడం కూడా కలిసి ఉంటుంది. అలాంటి పిల్లని కూర్చోబెట్టి ‘తాతయ్య వెళ్ళిపోయారమ్మా’ అంటే ఆ పిల్ల ఏమని అర్థం చేసుకోవాలి? ఎప్పుడొస్తారు అనే అడుగుతుంది. ‘పోయారు’ అంటే ఎక్కడికి అంటుంది. ‘కన్నుమూశారు’ అంటే రాత్రి తను కళ్ళు మూసుకోడానికి భయపడొచ్చు. ‘దేవుడు తీసుకెళ్ళాడు’ అంటే గుళ్ళోకి రానని మొండికేయొచ్చు, అందులో ఆశ్చర్యం లేదు, ఇంట్లో మనిషిని ఎత్తుకుపోయినవాడికి దండం పెట్టమంటే ఎవరు పెడతారు? కాలం చేశారు, పరమపదించారు, చుక్కల్లో కలిశారు... పెద్దవాళ్ళు ఒకరి బాధ ఒకరు కాచుకోడానికి పుట్టించుకున్న మర్యాద మాటలివన్నీ. పెద్దవాళ్ళ మధ్య బాగానే పనిచేస్తాయి. ఎటొచ్చీ పిల్లలు మాటని మాటలాగే తీసుకుంటారు.

సరిగ్గా ఈ మాటల సమస్యే 1982 చివర్లో న్యూయార్క్‌లో ఒక టీవీ బృందానికి ఎదురైంది. సెసమీ స్ట్రీట్ అనే కార్యక్రమం 1969 నవంబరు 10న అమెరికాలో మొదలైంది. బడికి వెళ్ళే వయసు రాని పిల్లల కోసం, ఒక వీధిలో మనుషులూ బొమ్మలూ కలిసి బతుకుతున్నట్టు తీస్తారు. ఆ వీధిలో హూపర్ గారని ఒక ముసలాయన కొట్టు నడుపుతుంటాడు, పైకి కాస్త చిరాకు మనిషి, లోపల వెన్న. ఎనిమిది అడుగుల పసుపు పక్షి బిగ్ బర్డ్, ఆకారమే పెద్దది గానీ మనసు ఆరేళ్ళది, ఆయన పేరు ఎప్పుడూ ‘లూపర్’ అని తప్పుగా పలుకుతుంది, ఆయన ఎప్పుడూ ‘హూపర్, హూపర్’ అని దిద్దుతుంటాడు. హూపర్ గారి పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో గుండెపోటుతో చనిపోయాడు.

ఏం చేయాలి? ఆ పాత్రలో ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, మన సీరియళ్ళలోలాగా, ‘ఇకపై ఈ పాత్రలో ఫలానా’ అని కింద అక్షరాలు వేసి. లేదా హూపర్ గారు పని మానేసి ఇంకెక్కడికో వెళ్ళి స్థిరపడ్డారని ఒక ముక్క చెప్పి దాటేయొచ్చు. ఈ రెండో దారి గురించి వాళ్ళు నిజంగానే ఆలోచించారు. అది మా ఇంట్లో నాకు చెప్పిన ‘ఊరెళ్ళారు’ లాంటిదే. చివరికి అది వద్దనుకుని, పిల్లల మనస్తత్వం చదివినవాళ్ళని కూర్చోబెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నిర్ణయించుకున్నారు. ఆ ఎపిసోడ్‌ని నార్మన్ స్టైల్స్ అనే రచయిత రాశాడు. 1983 నవంబరు 24న ప్రసారమైంది. ఆ తేదీ కావాలనే ఎంచుకున్నారు, ఆ రోజు వాళ్ళకి థాంక్స్‌గివింగ్ సెలవు, అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు, పిల్లలు ప్రశ్నలడిగితే జవాబు చెప్పడానికి పక్కన మనిషంటూ ఉంటుంది.

ఆ దృశ్యం పొడవు కొన్ని నిమిషాలే. బిగ్ బర్డ్ వీధిలో పెద్దవాళ్ళందరి బొమ్మలూ గీసి తెస్తుంది, ఒక్కొక్కరికీ వాళ్ళ బొమ్మ ఇస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆఖరిది హూపర్ గారిది. ఆయన చూస్తే ఎంత సంతోషిస్తారో అంటుంది. అందరూ గతుక్కుమంటారు. అప్పుడు వాళ్ళలో మరియా అనే ఆమె దగ్గరికొచ్చి, నీకు ముందే చెప్పాం కదా, హూపర్ గారు చనిపోయారు అని గుర్తుచేస్తుంది. ఓ, గుర్తుంది, అయితే తిరిగొచ్చాక ఇస్తాలే అంటుంది పక్షి. ఆయన తిరిగి రారు, చనిపోయినవాళ్ళు తిరిగి రారు అని సూజన్ చెబుతుంది. ఎప్పటికీనా? ఎప్పటికీ.

ఇక్కడ గమనించాల్సినవి చాలా ఉన్నాయి. మొదటిది, ఆ పక్షికి ముందే చెప్పారు. అంటే ఇది చావు వార్త మొదటిసారి విన్న పిల్ల గొడవ కాదు, విని కూడా అర్థం కాని పిల్ల గొడవ. హంగేరీలో మరియా నాగీ అనే పరిశోధకురాలు 378 మంది పిల్లలతో మాట్లాడి 1948లో ఒక పత్రం ప్రచురించింది. అయిదేళ్ళలోపు పిల్లలు చావుని ఒక ప్రయాణంలాగానో, నిద్రలాగానో, మళ్ళీ వెనక్కి రాగలిగేదిగానే చూస్తారని అందులో తేలింది. తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెప్పాయి, చనిపోయినవాళ్ళు మళ్ళీ బతకరని చాలామంది పిల్లలకు పూర్తిగా ఎక్కేది అయిదూ ఏడేళ్ళ మధ్యలో. అందుకే చిన్నపిల్లలు చావు గురించి అడిగిందే అడుగుతారు. మనకేమో ఆ ప్రశ్న ప్రతిసారీ గుండెల్లో గుచ్చుకుంటుంది, ఇప్పుడేగా చెప్పాను అని కసురుకుంటాం.

రెండోది, పక్షి అడిగిన ప్రశ్నలు. మరి కొట్టు ఎవరు చూస్తారు? నాకు గింజల మిల్క్‌షేక్ ఎవరు చేసిస్తారు? కథలెవరు చెబుతారు? పెద్దవాళ్ళకి ఇది స్వార్థంలా వినిపిస్తుంది, తాత పోతే వీడికి తిండి గోల అంటారు. కానీ పిల్లల దుఃఖం మొదట ఇలాగే బయటికొస్తుంది, నా రోజు రేపటి నుంచి ఎలా గడుస్తుంది, నన్ను బడి దగ్గర ఎవరు దించుతారు అని. ఆ కార్యక్రమంలో ఎవరూ కసరలేదు. కొట్టు నేను చూసుకుంటాను, మిల్క్‌షేక్ నేనిస్తాను అని డేవిడ్ చెబుతాడు. అదివరకట్లా ఉండదు కదా అంటుంది పక్షి. ఉండదు, అని బాబ్ ఒప్పుకుంటాడు. అన్నీ సర్దుకుంటాయిలే అనడు.

చివరికి ఆ పక్షికి కోపమొస్తుంది. ఎందుకిలా జరగాలి, ఒక్క కారణం చెప్పండి అంటుంది. గోర్డన్ దగ్గర కారణం లేదు, అది అంతే అంటాడు. ఒక పిల్లల కార్యక్రమంలో ఒక పెద్దమనిషి ‘దీనికి నా దగ్గర జవాబు లేదు’ అన్నంత పని చేయడం మామూలు విషయం కాదు. స్వర్గం మాట ఎత్తలేదు, చూసే పిల్లల్లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. జబ్బు చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళారనే వివరాలు కూడా లేవు. ఉంటే తర్వాత జలుబు చేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన పిల్ల ఏమనుకుంటుందో ఊహించుకోండి. ఆ సన్నివేశంలో నటుల కళ్ళలో నీళ్ళు నటన కాదు, తమతో పదమూడేళ్ళు పనిచేసిన మనిషి గురించి ఏడ్చారు వాళ్ళు. ఎపిసోడ్ చివర ఆ వీధికి ఒక పసిబిడ్డ వస్తుంది. పుట్టుక, చావు అని పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు, బిడ్డ వచ్చింది, చూశారు, అంతే.

ఇక్కడిదాకా చదివి, మంచి మనసుతో నిజం చెబితే చాలన్నమాట అనుకుంటే పొరపాటు. అదే స్టైల్స్, అదే బృందం, 1992లో అమ్మానాన్నలు విడిపోవడం మీద ఒక ఎపిసోడ్ చేశారు. బిగ్ బర్డ్‌కి స్నఫీ అని ఏనుగులాంటి స్నేహితుడున్నాడు, వాడి అమ్మానాన్నలు విడాకులు తీసుకుంటారు. నిపుణుల్ని అడిగారు, స్క్రిప్టు మళ్ళీ మళ్ళీ దిద్దుకున్నారు, షూటింగ్ పూర్తయింది. ప్రసారానికి ముందు కొంతమంది చిన్నపిల్లలకు చూపించి అడిగితే కథ అడ్డం తిరిగింది. నాన్న ఎక్కడికి పోయాడో చాలామందికి అర్థం కాలేదు. అమ్మానాన్నలు పోట్లాడుకుంటే విడిపోతారన్నమాట అని కొందరు తీర్మానించుకున్నారు, మరి పోట్లాడుకోని అమ్మానాన్నలు ఏ ఇంట్లో ఉంటారు? నాన్నకి స్నఫీ అంటే ఇష్టం తగ్గలేదని ఎపిసోడ్‌లో చెప్పినా, అది పిల్లల చెవికెక్కలేదు. ఖర్చుపెట్టి తీసిన ఆ ఎపిసోడ్‌ని పక్కన పడేశారు. అది ఎప్పుడూ టీవీలో రాలేదు.

నా మటుకు నాకు, హూపర్ ఎపిసోడ్ కంటే ఈ రాని ఎపిసోడే ఎక్కువ నేర్పింది. చావు విషయంలో చెప్పాల్సిన మాట ఒకటే, ఇక రారు. విడాకుల్లో అలా కాదు, నాన్న ఉన్నాడు కానీ ఇక్కడ లేడు, అమ్మకి నాన్న అక్కర్లేదు కానీ నీకు ఉన్నాడు, పోట్లాడుకున్నారు కానీ పోట్లాటంతా విడాకులు కాదు. ప్రతి మాటకీ ఒక ‘కానీ’. నాలుగేళ్ళ పిల్లకి ‘కానీ’ తర్వాత వచ్చేది వినపడదు. మళ్ళీ ఇరవై ఏళ్ళకి, 2012లో ఈ విషయాన్ని ముట్టుకున్నారు. ఈసారి ఆబీ అనే పాత్ర అమ్మానాన్నల విడాకులు ఎప్పుడో జరిగిపోయాయి, అమ్మ ఇల్లొకటి, నాన్న ఇల్లొకటి అలవాటైపోయిన పిల్ల అది. అదీ రోజువారీ కార్యక్రమంలో పెట్టలేదు, అవసరమున్న కుటుంబాలకు విడిగా అందేలా చేశారు. తండ్రి జైల్లో ఉన్న అలెక్స్ అనే పిల్లవాడి పాత్ర 2013లో, తల్లి మత్తు అలవాటు నుంచి బయటపడే ప్రయత్నంలో ఉన్న కార్లీ పాత్ర 2019లో, ఇలాగే విడిగా వచ్చాయి.

నాకు అర్థమైనంతలో వాళ్ళ లెక్క ఇదీ. ప్రతి పిల్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది, లేదా పక్క బెంచీలో కనిపించేది అందరి ముందూ పెడతారు. కొందరి ఇళ్ళలోనే ఉండేది, మిగతావాళ్ళకి లేని భయం పుట్టించేది ఆ కొందరికే చేరుస్తారు. ఆటిజం ఉన్న జూలియా పాత్ర 2017లో అందరూ చూసే కార్యక్రమంలోకే వచ్చింది. దక్షిణాఫ్రికాలో 2002లో కామీ అనే బొమ్మని తెచ్చారు, హెచ్ఐవీ ఉన్న అయిదేళ్ళ పిల్ల, తల్లి ఎయిడ్స్‌తో చనిపోయింది. హెచ్ఐవీ ఉన్న పిల్లల కోసమే ఆ బొమ్మని తెచ్చారనుకుంటే సగమే అర్థమైనట్టు, ఆ పిల్ల పక్కన కూర్చోడానికి, ఆడుకోడానికి వెనకాడే మిగతా పిల్లల కోసం కూడా. ఒకప్పుడు దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అలాంటి పిల్లల్ని బళ్ళో చేర్చుకోవద్దని గొడవ చేసింది మన పెద్దవాళ్ళే. మన పిల్లలకి ఒక కామీ ఉండుంటే ఏమయ్యేదో.

స్నఫీ సంగతి ఎత్తాను కాబట్టి ఒక పక్కదారి. 1971 నుంచి 1985 దాకా ఆ ఏనుగు స్నేహితుడు బిగ్ బర్డ్‌కి కనపడేవాడు గానీ, ఆ వీధిలో పెద్దవాళ్ళకి కనపడేవాడు కాదు. పెద్దవాళ్ళు వచ్చేసరికి వెళ్ళిపోయేవాడు, పక్షి ఎంత చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, అదొక నవ్వులాట. ఎనభైల్లో పిల్లల మీద లైంగిక వేధింపుల గురించి అక్కడ బహిరంగంగా మాట్లాడటం మొదలయ్యాక ఆ కార్యక్రమం వాళ్ళకి గుబులు పట్టుకుంది: నిజం చెప్పినా పెద్దవాళ్ళు నమ్మరు అని మనమే రోజూ పిల్లలకు నేర్పుతున్నామా? 1985లో స్నఫీని అందరికీ కనపడేలా చేసేశారు. వేధింపు అనే మాట ఎక్కడా లేదు, పెద్దవాళ్ళకి ఏనుగు కనపడింది, పక్షిని క్షమించమన్నారు, అంతే. కష్టమైన విషయాన్ని సున్నితంగా చెప్పడమంటే నా దృష్టిలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మరి మన దగ్గర? ఇవన్నీ అమెరికా వాళ్ళ చాదస్తాలు, మన పిల్లలకి మన సంస్కృతి చాలు అనేవాళ్ళకి ఒక మాట గుర్తుచేయాలి. తెలుగు పసిపిల్లకి నేర్పే మొదటి పాటల్లో ఒకటి చిట్టి చిలకమ్మ, అందులో రెండో మాటే ‘అమ్మ కొట్టిందా’. నవ్వుతూ చప్పట్లు కొట్టి మరీ నేర్పుతాం. ధ్రువుడి కథంటే తండ్రి ఒళ్ళోంచి సవతి తల్లి దించేసిన పిల్లవాడి కథ. శ్రవణకుమారుడి కథలో ముసలి తల్లిదండ్రుల ముందు కొడుకు శవం ఉంటుంది. మనవాళ్ళు పిల్లల దగ్గర కష్టాల్ని దాచిపెట్టారన్నది శుద్ధ అబద్ధం.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఆవు-పులి కథ. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా రాసింది, బడిపిల్లల పాఠాల దాకా వచ్చింది. ఆవుని పులి పట్టుకుంటుంది. ఇంటి దగ్గర పసిదూడ ఉంది, ఒక్కసారి పాలిచ్చి వచ్చేస్తాను, అప్పుడు తినమని ఆవు బతిమాలుతుంది. వెళ్తుంది. పాలిస్తుంది. తర్వాత దూడని దగ్గరికి తీసుకుని, నేనిక రాను, నువ్వు ఇలా ఉండు, అలా నడుచుకో అని బుద్ధులు చెబుతుంది. మనం ఈ కథని సత్యం పలకాలి, ఆడిన మాట తప్పకూడదు అనే నీతి దగ్గర కట్టేశాం. చివర పులి మనసు కరిగి వదిలేస్తుంది కాబట్టి హమ్మయ్య అనుకుని పుస్తకం మూసేస్తాం. కానీ ఈ కథ విన్న పిల్లల్ని కదిపి చూడండి, పులి కంటే ఎక్కువ దూడే గుర్తుంటుంది. ఆ రాత్రి దూడ ఏం చేసింది, ఎవరి పక్కన పడుకుంది అని అడుగుతారు, దానికి ప్రశ్న-జవాబుల్లో చోటుండదు. ఇంకో సంగతి, ఆ ఆవు పులికి నిజం చెప్పిందని మెచ్చుకుంటాం గానీ, అది దూడకి కూడా నిజమే చెప్పింది. ఊరెళ్తున్నా అనలేదు.

సరుకు లేక కాదు మనకి ఈ కరువు. పిల్లల కోసం టీవీ, యూట్యూబ్ తయారుచేసేవాళ్ళు ఆ సరుకుని ముట్టుకోవడం లేదు. ఛోటా భీమ్‌ని తయారుచేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ, 2008లో మొదలై దేశమంతా పాకింది, మన ఊళ్ళో పుట్టినదని నాకూ గర్వమే. లడ్డూ తింటాడు, దుష్టుణ్ణి కొడతాడు, నేను చూసినంతలో ఢోలక్‌పూర్‌లో ఎవరి నాన్నకీ పని పోలేదు, ఎవరి అమ్మకీ జబ్బు చేయలేదు. పిల్లలకి అలాంటి చోటు ఒకటి కావాలి, కాదనను. కానీ అదే పిల్ల అదే గదిలో రాత్రి ఎనిమిదింటికి అమ్మ పక్కన కూర్చుని, పాలల్లో విషం కలిపే కోడల్ని చూస్తుంది. క్రైమ్ ప్రోగ్రామ్‌లో ఎర్ర గుండ్రాలు గీసి, డప్పుల మోత పెట్టి, ఒకే దృశ్యాన్ని పదిసార్లు తిప్పి చూపించే హత్య చూస్తుంది. సినిమాలో తలకాయలు ఎగిరిపడటం చూస్తుంది, దానికి హాల్లో ఈలలు వినపడతాయి. మనం పిల్లల్ని కాపాడుతున్నది చావు నుంచి కాదండీ, చావు గురించిన నెమ్మదైన సంభాషణ నుంచి.

ఈ విషయంలో అమెరికాలోనే ఇంకో టీవీ మనిషి, ఫ్రెడ్ రోజర్స్, చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడాలి. 1970లో ఒక ఎపిసోడ్‌లో అక్వేరియంలో చేపలకి మేత వేయబోయి ఒకటి చచ్చి పడి ఉండటం చూస్తాడు. ఉప్పునీళ్ళలో వేసి చూస్తాడు, బతకదు. కాగితంలో చుట్టి పెరట్లో పాతిపెడతాడు. తన చిన్నప్పుడు కుక్క చచ్చిపోతే ఎంత ఏడ్చాడో చెబుతాడు. ఇదంతా ఎంత నిదానంగా జరుగుతుందంటే, ఇప్పటి రైమ్స్ వీడియోలకి అలవాటుపడ్డ కళ్ళకి ఏదో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. అదే మనిషి అంతకు రెండేళ్ళ ముందు, 1968 జూన్‌లో అమెరికా నాయకుడు రాబర్ట్ కెనెడీని కాల్చి చంపినప్పుడు, అప్పటికప్పుడు పెద్దవాళ్ళ కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం చేశాడు. అందులో పులిపిల్ల బొమ్మ, హత్య అంటే ఏమిటి అని అడుగుతుంది, ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో పిల్లలు విని ఉన్న మాటే అది. జవాబు చెబుతారు. దాంతోపాటే పసిపిల్లలు భరించగలిగేదానికి ఒక హద్దుంటుంది, టీవీలో వచ్చే ఆ ఘోరాలన్నీ వాళ్ళ కళ్ళముందు పెట్టకండని తల్లిదండ్రుల్ని బతిమాలుకున్నాడు. చావు గురించి మాట్లాడేది ఆయనే, టీవీలో వచ్చే ఘోరాల నుంచి పిల్లల్ని కాచుకోమనేదీ ఆయనే. ఈ రెండింటిలో వైరుధ్యమేమీ లేదు.

అందుకని ‘పిల్లల్ని పిల్లల్లా ఉండనివ్వండి’ అనే వాదనని నేను కొట్టిపారేయను. బాగా చేయకపోతే కష్టం చూపించకపోవడమే నయం. 1994లో వచ్చిన ద లయన్ కింగ్ తీసుకోండి, 2019లో మళ్ళీ తీసినప్పుడు సింబాకి తెలుగులో నాని గొంతు ఇచ్చాడు, మన పిల్లలు హాళ్ళలో చూశారు. తండ్రి చావుకి నువ్వే కారణమని పినతండ్రి ఆ పిల్ల సింహాన్ని నమ్మించడం అందులో అసలు ముడి. నేను అల్లరి చేశాను కాబట్టే అమ్మకి జబ్బు చేసింది, నేను మార్కులు తెచ్చుకోలేదు కాబట్టే నాన్న తాగుతున్నాడు అని పిల్లలు తమ మీదే వేసుకోవడం నిజంగా జరిగేదే. సినిమా దాన్ని పట్టుకుంది, కథ ముగిసేలోపు విప్పింది కూడా. కానీ హాల్లో నాలుగేళ్ళ పిల్ల తండ్రి సింహం పడిపోయిన చోటే ఆగిపోయి ఏడుస్తుంటే మిగతా గంట సినిమా దానికి ఉన్నట్టా లేనట్టా? పక్కన పెద్దమనిషి ఉండి, బయటికి తీసుకొచ్చి, నీళ్ళు తాగించి మాట్లాడితేనే ఆ ముడి విడుతుంది. యూట్యూబ్‌లో ఈ జాగా అసలే లేదు. ఒక వీడియో అయ్యీ అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఏడవడానికి కూడా ఖాళీ ఉండదు.

నాకే గనక ఎవరైనా డబ్బులిచ్చి తెలుగులో పిల్లల కార్యక్రమం చేయమంటే (ఇవ్వరనుకోండి), మొదటి పాత్ర నాన్న దుబాయ్‌లో ఉన్న పిల్లదే పెడతాను. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్ళలో అలాంటి పిల్లలు కొల్లలు. నాన్నంటే వీడియో కాల్‌లో మొహం, రెండేళ్ళకోసారి సూట్‌కేసు నిండా చాక్లెట్లు. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాల పిల్లలకి ఇది ఇంకోలా ఉంటుంది. అమ్మానాన్నలు అమెరికాలో, తాను గుంటూరులో అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లకి మరోలా. సైన్యంలో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం సెసమీ స్ట్రీట్ వాళ్ళు 2006లో ఎల్మో అనే బొమ్మ తండ్రిని దూరం పంపించి ఒక వీడియో చేశారు. మనకి సైన్యం అక్కర్లేదు, గల్ఫ్ విమానం చాలు. గల్లీ గల్లీ సిమ్ సిమ్ పేరుతో 2006లోనే ఆ బొమ్మలు హిందీలో మన దేశానికీ వచ్చాయి, స్కూలు యూనిఫారం వేసుకున్న చమ్కీ అనే పిల్ల ఉంటుంది అందులో, బాగుంటుంది. కానీ దుబాయ్ నాన్న ఫోన్ పెట్టేశాక మన పిల్ల సెల్లుని ముద్దుపెట్టుకుంటే, దాన్ని చీరకొంగుతో తుడిచే నానమ్మని చూపించాలంటే కరీంనగర్ యాస కావాలి.

ఆ పాత్రకి ఏ నీతీ చెప్పను. నాన్న ఎప్పుడొస్తాడని పిల్ల అడిగితే ‘తెల్వదు బిడ్డా, కంపెనోడు సెలవిస్తే వస్తడు’ అనే నానమ్మ ఉంటే చాలు. పరీక్ష తప్పిన అన్న గదిలోంచి బయటికి రావడం లేదని ఇంకో పిల్లవాడు చెబుతాడు. ఎండిన చేనూ, అప్పులవాడి బండి చప్పుడు వింటే అమ్మ తలుపేసుకోవడమూ ఇంకొకరి ఇంట్లో. ఇవన్నీ మన దగ్గర ఆరేళ్ళ పిల్లలకి తెలిసిన సంగతులే, బడిలో చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతులు. బొమ్మకి సిగ్గుండదు. ఒక బొమ్మ ‘మా నాన్న కూడా’ అంటే చూస్తున్న పిల్ల ‘మా నాన్న కూడా’ అనగలుగుతుంది. ఈ కార్యక్రమాల వల్ల జరిగేదంతా దాదాపు ఇదే, ఒక మాట నోటికి అందుతుంది. పెద్దవాళ్ళకి కూడా అందుతుంది, హూపర్ ఎపిసోడ్ చూసిన తల్లిదండ్రులు ఆ పూట అరువు తెచ్చుకున్నది ఆ వాక్యాలనే.

పోయినేడు మా నాన్న చనిపోయాక, మా చెల్లెలి కూతురికి ఆ దృశ్యం చూపించాను. నాలుగున్నరేళ్ళది. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాను, ‘చనిపోయారు’ అనే చెప్పాను, ‘పోయారు’ అనలేదు. అంతా చూసి, మరి ఆ బొమ్మ ఎవరికిస్తుంది అని అడిగింది. ఎవరికీ ఇవ్వదమ్మా, తను పడుకునే గూటి దగ్గర గోడకి పెట్టుకుంటుంది అన్నాను. నిజంగానే ఆ బొమ్మ ఆ తర్వాత ఏళ్ళ తరబడి గూటి దగ్గర వేలాడుతూ ఉండేది. కాసేపు స్క్రీన్ వంకా, మా హాల్లో ఉన్న మా నాన్న ఫొటో వంకా మార్చి మార్చి చూసింది.

‘దానికి దండ లేదు కదా మావయ్యా, చూసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?’